మంచు మలుపులో సైకిలు

ప్రశ్న: ఫిన్లాండ్‌లోని ఔలు నగరంలో చదువుకుంటున్నాను. ఇక్కడివారు చలికాలంలోనూ సైకిలు మానరు. వారిని చూసి నేనూ బయలుదేరి, మొన్న ఒక మలుపులో జారిపడ్డాను. ఏయే జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: 2013లో శీతకాల సైకిలు ప్రయాణంపై తొలి అంతర్జాతీయ సదస్సు జరిగింది మీ నగరంలోనే, కనుక మానుకోమని చెప్పబోము. మీరు జారింది బహుశా గాజుపలకలా గట్టిపడిన నీటిగడ్డ మీద. తెలుగులో పొడిమంచును, నీటిగడ్డను రెంటినీ మంచు అనే అంటాము గాని, సైకిలుకు అవి వేరు. అణిగి గట్టిపడిన పొడిమంచు మీద మామూలు టైరుకైనా కొంత పట్టు దొరుకుతుంది. పగలు కరిగి రాత్రి గడ్డకట్టిన చోట, పైన పలుచని నీటిపొర కూడా ఉంటే, రబ్బరు నిలవదు. అందుకే మైనస్ 15 డిగ్రీల రోజుకన్నా సున్నా దగ్గరి రోజుకే ఎక్కువ భయపడాలి. టంగ్‌స్టన్ కార్బైడ్ అనే చాలా గట్టి పదార్థపు మేకులు పొదిగిన టైర్లు వేయించుకోండి. రెండూ కొనలేకపోతే ముందు చక్రానికైనా తప్పదు, ఎందుకంటే వెనుకది జారితే నిలదొక్కుకోవచ్చు, ముందుది జారితే కాలు ఆనించే వ్యవధి కూడా ఉండదు. మలుపుకు ముందే వేగం తగ్గించి, మలుపులో బ్రేకు పట్టకుండా, సైకిలును పక్కకు వంచకుండా తిరగండి. తడిసిన సైకిలును వెచ్చని గదిలోంచి ఆరకుండానే బయటికి తీస్తే, బ్రేకు తీగల్లోని నీరు గడ్డకట్టి బ్రేకు బిగుసుకుపోతుంది.