బోర్డు కంటే ముందు మల్టీమీటరు కొనండి

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ ఈసీఈ రెండో సంవత్సరం చదువుతోంది. సెలవుల్లో మైక్రోకంట్రోలర్ (చిన్న కంప్యూటరు లాంటి చిప్పు) ప్రాజెక్టులు చేస్తానని, ముప్ఫైకి పైగా సెన్సార్లున్న కిట్టు కొనిపెట్టమని అడుగుతోంది. తోటివాళ్లంతా సాఫ్ట్‌వేర్ కోర్సుల్లో చేరుతున్నారు. ఈ వైర్లూ బోర్డులూ కాలక్షేపానికేనా, ఉద్యోగానికి పనికొస్తాయా?
- ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: పనికొస్తాయి. ఆ పెద్ద కిట్టు మాత్రం కొనకండి. అలాంటివి కొన్న పిల్లల్ని చాలామందిని చూశాను. మొదటి వారం ఒక్కో సెన్సారునూ ఒక్కోసారి పనిచేయించి సంబరపడతారు. నెల తిరిగేసరికి పెట్టె అటకెక్కుతుంది. ఆర్డుయినో ఊనో తరహా మైక్రోకంట్రోలర్ బోర్డు ఒకటి, భాగాలను గుచ్చి కలిపే బ్రెడ్‌బోర్డు, జంపర్ వైర్లు, గుప్పెడు రెసిస్టర్లు, ఎల్ఈడీలు, రెండు పుష్ బటన్లు, వీటన్నిటికంటే ముఖ్యంగా వోల్టేజీ, కరెంటు కొలిచే ఒక డిజిటల్ మల్టీమీటరు చాలు. మొత్తం రెండు వేల రూపాయల్లో వస్తాయి. ఎప్పుడైనా హైదరాబాద్ వస్తే కోఠిలోని గుజరాతీ గల్లీకి తీసుకెళ్లండి. విడిభాగాలను చేత్తో పట్టుకుని, అడిగి తెలుసుకుని కొనుక్కోవచ్చు. అవి చేతికొచ్చేలోగా వోక్వి, టింకర్‌కాడ్ లాంటి సిమ్యులేటర్లలో (సర్క్యూట్‌ను కంప్యూటరు తెర మీదే కట్టి నడిపి చూసే సైట్లు) ఉచితంగా సాధన మొదలుపెట్టవచ్చు.

మొదటి రోజు అందరూ చేసేది ఎల్ఈడీ వెలిగించడమే. 220 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టమని చెబితే పెడతారు, దీపం వెలుగుతుంది, తరవాతి పాఠానికి వెళ్లిపోతారు. మీ అమ్మాయిని అక్కడే కాసేపు ఆగమనండి. పిన్ను నుంచి వచ్చేది 5 వోల్టులు. ఎర్ర ఎల్ఈడీ దగ్గర దాదాపు 2 వోల్టులు పోతాయి. మిగిలిన 3 వోల్టులు రెసిస్టర్ మీద పడతాయి. మూడును 220తో భాగిస్తే సుమారు 14 మిల్లీ ఆంపియర్లు. ఊనోలో ఉండే ఏటీమెగా328పీ చిప్పు పిన్ను ఒక్కొక్కటీ 20 మిల్లీ ఆంపియర్లు దాటకుండా చూసుకోవడం మంచిది, 40 దాని తుది హద్దు. ఈ లెక్క కాగితం మీద వేసుకుని, తరవాత మల్టీమీటరుతో కొలిచి, రెండు అంకెలనూ నోటు పుస్తకంలో పక్కపక్కన రాసుకోమనండి. ఓమ్ నియమాన్ని ఆమె పదో తరగతిలోనే చదివింది. అది సొంతమయ్యేది ఈ రోజున.

ఆ తరవాత చిన్నచిన్న ప్రాజెక్టులు పది వద్దు, మీ ఇంటి అవసరం ఒకటి ఎంచుకోమనండి. మేడ మీద నీళ్ల ట్యాంకు నిండగానే మోటారు ఆగిపోయే ఏర్పాటునే తీసుకుందాం. దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సారు పంపిన, మన చెవికి వినపడని శబ్దం నీళ్లకు తగిలి తిరిగి రావడానికి 5.8 మిల్లీసెకన్లు పడితే నీళ్లు మీటరు లోతులో ఉన్నట్టు. బల్ల మీద ఇది చక్కగా పనిచేస్తుంది. ట్యాంకులో పెట్టగానే అంకెలు ఎగిరెగిరి పడతాయి. నీళ్లు పడుతుంటే అలలు లేస్తాయి, శబ్దం గోడలకు కూడా తగిలి వస్తుంది, సెన్సారు మీద తేమ పేరుకుంటుంది. ఏడు కొలతలు తీసుకుని, వరసలో పెట్టి, నడిమిది ఎంచుకోవాలన్న ఆలోచన ఆ చిరాకులోంచే పుడుతుంది. తేమకు తట్టుకునే రకం సెన్సారు తెస్తే, అది పాతిక సెంటీమీటర్ల కంటే దగ్గరున్న నీటిని సరిగా కొలవలేదని తెలిసి, దాన్ని ఇంకాస్త ఎత్తులో బిగించాల్సి వస్తుంది.

ఇక మోటారును ఆపే రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్చు. ఐదు వోల్టుల మామూలు రిలే కాయిలుకు 70 మిల్లీ ఆంపియర్ల దాకా కావాలి. మొదటి రోజు వేసిన లెక్క గుర్తున్న పిల్ల దాన్ని నేరుగా పిన్నుకు కలపదు, మధ్యలో స్విచ్చులా పనిచేసే ట్రాన్సిస్టర్ పెడుతుంది. రిలే ఆగినప్పుడల్లా బోర్డు దానంతటదే రీసెట్ అవుతుంటే కారణం వెతికి, కాయిలు వదిలే వోల్టేజీ దెబ్బ బోర్డుకు తగలకుండా దానికి అడ్డంగా డయోడు వేస్తుంది. ఇంటర్వ్యూలో ఎవరైనా వినాలనుకునేది ఈ కథే. బయట డబ్బిచ్చి తెచ్చుకున్న ఫైనలియర్ ప్రాజెక్టు గురించి ‘ఇక్కడ డయోడు ఎందుకు పెట్టారు?’ అని అడిగితే తెల్లమొహం వేసిన విద్యార్థుల్ని చూసి నాకు ఎన్నోసార్లు బాధ కలిగింది. నాలుగేళ్ల ఫీజు కట్టిన తల్లిదండ్రులు గుర్తొస్తారు.

ఉద్యోగాల సంగతి దాచకుండా చెబుతాను. మన కాలేజీలకు వచ్చే కంపెనీల్లో సాఫ్ట్‌వేర్‌వే ఎక్కువ, ఎంబెడెడ్ (యంత్రాల్లోని చిప్పులకు ప్రోగ్రాములు రాసే) అవకాశాలు తక్కువ. అందుకని ఒకటి వదిలి మరొకటి పట్టుకోనక్కర్లేదు, రెండింటికీ పునాది ప్రోగ్రామింగే. ఆర్డుయినో ఇచ్చే రెడీమేడ్ లైబ్రరీల దగ్గరే ఆగిపోతే మాత్రం ఎంబెడెడ్ ఉద్యోగం రాదు. మూడో సంవత్సరానికల్లా అదే ఊనో మీద లైబ్రరీల సాయం లేకుండా, చిప్పు డేటాషీటు చూసి, రిజిస్టర్లను (చిప్పు పనిని నడిపే లోపలి గళ్లను) తనే సెట్ చేస్తూ సీ భాషలో రాయగలగాలి. పాయింటర్లు, బిట్ ఆపరేషన్లు, ఇంటరప్ట్‌లు, వోలటైల్ అన్న మాట ఎందుకు వాడతారో, యూఏఆర్‌టీ, ఐ2సీ, ఎస్‌పీఐ పద్ధతుల్లో చిప్పులు ఎలా మాట్లాడుకుంటాయో తెలియాలి. బటన్ ఒకసారి నొక్కితే నాలుగుసార్లు లెక్కపడడం మొదటి నెలలోనే ఎదురవుతుంది. లోపలి రేకులు కొన్ని మిల్లీసెకన్లు అదరడమే కారణం. దీన్ని ఎలా సరిదిద్దుతారన్నది ఇంటర్వ్యూల్లో తరచూ వచ్చే ప్రశ్న. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో ఎంబెడెడ్ సిస్టమ్స్ పాఠాలు ఉచితంగా ఉన్నాయి. ఇంత వచ్చాక ఊనో కంటే శక్తిమంతమైన ఎస్‌టీఎం32 బోర్డు కొనిపెట్టండి.

ఒక్క జాగ్రత్త. ఊనో, బ్రెడ్‌బోర్డు మీద ఉండేది 5 వోల్టులు, భయం లేదు. మోటారు వైపు ఉండేది కనీసం 230 వోల్టులు. ఆ బోర్డు మీది రిలే మీ మోటారు కరెంటును మోయలేదు, మధ్యలో పెద్ద కరెంటును మోసే స్విచ్చు, అంటే కాంటాక్టర్ కావాలి. ఆ వైరింగ్ ఎలక్ట్రీషియన్‌తోనే వేయించండి, ఆయన పని చేస్తున్నంతసేపూ మీ అమ్మాయిని పక్కన నిలబడి చూడమనండి.