మీ ఓటు సంగతి సరే, ఆవిడ ఓటు?

(2025లో, న్యూయార్క్ మేయర్ ప్రైమరీకి ముందు వచ్చిన ఉత్తరం ఇది.)

ప్రశ్న: మేము న్యూయార్క్‌లో, క్వీన్స్‌లో ఉంటాం. నాకు 61. ఇక్కడికొచ్చి 27 ఏళ్ళు. రెండు వాటాల సొంత ఇల్లు, పై వాటా అద్దెకిచ్చాం. 2025 జూన్ 24న మేయర్ పదవికి డెమోక్రటిక్ పార్టీ ప్రైమరీ, అంటే పార్టీ తన అభ్యర్థిని ఎన్నుకునే ఓటింగ్, ఉంది. మా అమ్మాయి అందులో పోటీ చేస్తున్న జోహ్రాన్ మమ్దానీ తరఫున ఇంటింటికీ తిరుగుతోంది. అద్దెలు పెంచనివ్వడట, బస్సులు ఫ్రీ అట, పసిపిల్లల్ని చూసుకోవడం కూడా ఫ్రీ అట. మన దగ్గర ఈ ఉచితాలు చూసి చూసి వచ్చినవాళ్ళం! ఇంకో అభ్యర్థి ఆండ్రూ క్యూమో పదేళ్ళు రాష్ట్ర గవర్నర్‌గా చేశాడు, అనుభవం ఉంది. ఈ గొడవలో అమ్మాయికీ నాకూ మాటల్లేవు. ఎన్నడూ నా మాట దాటని మా ఆవిడ కూడా 'ఈసారి నా ఓటు నేనే వెళ్ళి వేస్తా' అంటోంది. 2021లో బ్యాలెట్లు ఇంటికొచ్చినప్పుడు ఇద్దరివీ నేనే నింపాను, అప్పుడేమీ అనలేదు. తను వృద్ధుల కేర్ సెంటర్‌లో పనిచేస్తుంది, క్యూ44 బస్సులో వెళ్ళొస్తుంది. ఫ్రీ బస్సు అనగానే పడిపోయినట్టుంది. ఇంటి లెక్కలన్నీ నేనే చూస్తాను, తనకి ఏ టెన్షనూ లేదు. ఇలాంటి పాపులిస్టుని నమ్మొచ్చా? అమ్మాయికి ఎలా నచ్చజెప్పాలి?

జవాబు: అమ్మాయికి నచ్చజెప్పనక్కర్లేదు. చదువుకుని, సంపాదించుకుంటూ, ఎండలో నాలుగు తలుపులు తడుతున్న పిల్ల. తప్పయితే తనే తెలుసుకుంటుంది. మాటలు మానేసినది మీరైతే మీరే ఫోన్ చేయండి. అంతటితో ఆ సంగతి వదిలేద్దాం.

మమ్దానీ గురించి అడిగారు కాబట్టి నాకు తోచింది చెబుతాను. మీ భయాల్లో సగం న్యాయమైనవే. వయసు 33. రాష్ట్ర అసెంబ్లీలో ఉన్నది 2021 నుంచే. పెద్ద ఆఫీసు నడిపిన మనిషి కాదు, ఆ ఊరి బడ్జెట్ చూస్తే వంద బిలియన్ డాలర్లు దాటిపోయింది. చెబుతున్న వాటిలో కొన్ని మేయర్ చేతిలో లేవు కూడా. బస్సులు నడిపేది రాష్ట్రం కింద ఉండే ఎంటీఏ అనే రవాణా సంస్థ. వీటి ఖర్చుకి కోటీశ్వరుల మీద పన్ను పెంచాలంటే రాష్ట్ర రాజధాని ఆల్బనీలో చట్టసభలు, గవర్నర్ ఒప్పుకోవాలి. ఇది మీ అమ్మాయిని అడగదగ్గ ప్రశ్న, అడగండి. అయితే ఉత్త మాటల మనిషి అని కొట్టిపారేయడానికీ లేదు. 2021లో ఎల్లో క్యాబ్ డ్రైవర్లు మెడాలియన్ (ట్యాక్సీ పర్మిట్) కోసం చేసిన అప్పుల్లో మునిగి నిరాహార దీక్షకి కూర్చుంటే, పక్కన కూర్చుని తనూ 15 రోజులు అన్నం మానేశాడు. ఆ డ్రైవర్లకి అప్పు తగ్గింది. 2023 నుంచి నగరంలోని ఐదు బరోల్లో (క్వీన్స్ లాంటి భాగాల్లో) ఒక్కో బస్సు రూటు దాదాపు ఏడాదిపాటు ఉచితంగా నడిచిందంటే, దాని కోసం పట్టుబట్టిన వాళ్ళలో ఇతనూ ఉన్నాడు.

అద్దెలంటారా, మీ పై వాటాకి వచ్చిన ప్రమాదమేమీ లేదు. అతను ఆపుతానంటున్నది రెంట్ స్టెబిలైజ్డ్ ఫ్లాట్ల అద్దె, అంటే ఏటా ఎంత పెంచొచ్చో నగరం బోర్డు నిర్ణయించే ఫ్లాట్లది. అవి దాదాపు పది లక్షలు, ఎక్కువభాగం 1974కి ముందు కట్టిన, ఆరూ అంతకు మించి వాటాలున్న భవనాల్లోవి. మీ రెండు వాటాల ఇల్లు ఆ లెక్కలోకి రాదు. అద్దెలు ఆపడం కొత్తా కాదు, డి బ్లాసియో మేయర్‌గా ఉండగా 2015లో, 2016లో కూడా ఏడాది లీజులకి పెంపు సున్నాయే. పాతికేళ్ళు దాటి ఆ ఊళ్ళో ఉంటూ, ఇంటి లెక్కలన్నీ చూసే మీకు ఇది తెలియదా? తెలుసుకోవాలనిపించలేదంటే నమ్ముతాను. ఎందుకంటే మీ కోపం అద్దె మీద కాదు.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మమ్దానీ గురించి, క్యూమో గురించి, అమ్మాయి గురించి రాసిన చోట మీ గొంతు మామూలుగానే ఉంది. 'అప్పుడేమీ అనలేదు' అన్న చోట మాత్రం మారింది. మీకు అక్కడే గుచ్చుకుంది.

2021 జూన్ ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఒక్క పేరు కాకుండా ఐదుగురి దాకా వరస పెట్టి ఓటు వేసే పద్ధతి మేయర్ ఎన్నికకి అప్పుడే మొదటిసారి. డైనింగ్ టేబుల్ మీద రెండు బ్యాలెట్లు, మీ చేతిలో నల్ల పెన్ను. మీ దాంట్లో పేర్ల పక్కన ఐదు సున్నాలు నింపారు, ఆవిడ దాంట్లో అవే ఐదు నింపారు. తరవాత కవరు ఆవిడ ముందుకి జరిపి సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించి ఉంటారు. చేతులు తుడుచుకుని వచ్చి పెట్టి ఉంటుంది. ఏమీ అనలేదు, నిజమే. అడిగితే కదా అనడానికి!

మా ఊళ్ళో నాన్న పోలింగ్ బూత్ దాకా వచ్చి అమ్మకి గుర్తు చెప్పి పంపేవారు. అమ్మ తలూపి లోపలికెళ్ళేది. లోపల ఏం చేసేదో నలభై ఏళ్ళూ ఆయనకి తెలియలేదు, నాకూ చెప్పలేదు. ఆ మాత్రం చాటు కూడా మీరు మీ ఆవిడకి మిగల్చలేదు.

'ఫ్రీ బస్సు అనగానే పడిపోయింది' అని ఎంత తేలిగ్గా రాసేశారండీ! ఈ 2025లో పోనూ రానూ రోజుకి 5 డాలర్ల 80 సెంట్లు. జనవరిలో మెయిన్ స్ట్రీట్ బస్టాపులో మంచులో నిలబడేది ఆవిడ. పరాయి వాళ్ళ అమ్మానాన్నల్ని ఎత్తి కూర్చోబెట్టి, నడుం పట్టేసి, మళ్ళీ అదే బస్సెక్కి వచ్చి మీకు వంట చేసేది ఆవిడ. కారు తాళం మీ జేబులో ఉంటుంది. బస్సు ఛార్జీ ఎక్కువో తక్కువో చెప్పడానికి మీ ఇంట్లో ఆవిడ కంటే అనుభవం ఎవరికుంది? మన దగ్గర తెలంగాణలో ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సు ఫ్రీ చేసినప్పుడు కూడా తిట్టిన వాళ్ళలో బస్సెక్కని మగవాళ్ళనే నేను ఎక్కువగా చూశాను.

అనుభవం అంటే గుర్తొచ్చింది. క్యూమో గవర్నర్ పదవికి రాజీనామా చేసింది 2021 ఆగస్టులో. అంతకు వారం ముందే, ఆయన పదకొండు మంది ఆడవాళ్ళతో అసభ్యంగా ప్రవర్తించాడని రాష్ట్ర అటార్నీ జనరల్ నివేదిక చెప్పింది. ఆయన కాదంటున్నాడు, అది వాళ్ళ గొడవ. కానీ మీరు ఆయన పేరు పక్కన అనుభవం అని రాసినప్పుడు మీ ఇంట్లో ఆడవాళ్ళిద్దరికీ ముందు ఏది గుర్తొస్తుందో ఒక్కసారైనా ఆలోచించారా? మీరు ఆయనకే వేసుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

'ఏ టెన్షనూ లేదు' అన్నారు. ఆవిడ జీతం ఏ అకౌంట్‌లో పడుతుందో, అందులోంచి అడగకుండా ఎంత తీసుకోగలదో నాకు తెలియదు. మీకు తెలుసు. టెన్షన్ లేకుండా చూడడానికీ, తెలియకుండా ఉంచడానికీ చాలా తేడా ఉంది. ఓటు అడిగిన మనిషి రేపు బ్యాంకు పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆ రోజు నాకు ఉత్తరం రాయకుండా చెప్పేయండి.

ఎవరికి వేస్తున్నావని అడగొద్దు. వేసొచ్చాక అసలు అడగొద్దు. ఈ వారంలో ఆవిడకి సెలవున్న రోజు ఫ్లషింగ్ గణేశ్ గుడికి వెళ్ళండి. దర్శనమయ్యాక కింద క్యాంటీన్‌లో దోశ తింటూ, ఆ బస్టాపులో ఎంతసేపు నిలబడాల్సి వస్తోందో అడగండి. చెబుతున్నంతసేపూ ఫోను జేబులోనే ఉంచండి. వెళ్ళేది మాత్రం కారులో కాదు, క్యూ44లో వెళ్ళండి. టికెట్ డబ్బులు మీరే ఇవ్వండి.