ఐక్లర్ ఇంటిపై మరో అంతస్తు వేయొచ్చా?

ప్రశ్న: కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో, గ్రీన్‌మెడో కాలనీలో 1950ల నాటి ఐక్లర్ ఇల్లు (బిల్డర్ జోసెఫ్ ఐక్లర్ కట్టించినది) అమ్మకానికి వచ్చింది. గుంటూరు నుంచి అమ్మానాన్న వస్తే ఉండటానికి పైన రెండు గదులు వేయాలనుకుంటున్నాం. ఆ కాలనీ చారిత్రక జాబితాలో ఉందట. మా ఇంటిని మేం మార్చుకోకూడదా?
– ఒక పాఠకుడు, సన్నీవేల్

జవాబు: గ్రీన్‌మెడోను 2005లో నేషనల్ రిజిస్టర్ ఆఫ్ హిస్టారిక్ ప్లేసెస్‌లో చేర్చిన మాట నిజమే. అయితే సొంత డబ్బుతో సొంత ఇంటిని మార్చుకునే యజమానిని ఆ ఫెడరల్ జాబితా ఒక్కటే ఆపలేదు. మీకు అసలు అడ్డంకి నగరం జోనింగ్, అంటే ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పే నిబంధనలు. అక్కడ ‘సింగిల్ స్టోరీ ఓవర్‌లే’ అమల్లో ఉంది: ఒక్కటే అంతస్తు, ఎత్తు 17 అడుగులు దాటకూడదు. జోసెఫ్ ఐక్లర్ కట్టిన ఇళ్లకు పెరటివైపు గోడంతా అద్దమే. పక్కింటివాళ్లు మేడ కడితే ఈ అద్దాల ఇంట్లో ఎవరికీ మరుగు ఉండదు. అందుకే ఈ నిబంధన న్యాయమైనదేనని నా అభిప్రాయం. మేడ ఆశతోనే కొంటుంటే ఈ ఇల్లు వద్దు.

మీకు కావలసింది అమ్మానాన్నలకు చోటైతే మాత్రం దారి ఉంది. పెరట్లో ఏడీయూ, అంటే విడిగా చిన్న ఇల్లు, కట్టుకోవచ్చు. పక్కల, వెనక నాలుగేసి అడుగులు వదిలితే 800 చదరపు అడుగుల వరకు కట్టడాన్ని విస్తీర్ణ పరిమితుల పేరుతో నగరం కాదనకూడదని రాష్ట్ర చట్టం. పెద్దవాళ్లకు మెట్లెక్కే బాధా ఉండదు. జాబితా ప్రభావం చూపేది ఇక్కడే. జాతీయ జాబితాలోవి రాష్ట్ర రిజిస్టర్‌లోకీ చేరతాయి కాబట్టి, చారిత్రక రూపం చెడకుండా ఏడీయూకు కొన్ని షరతులు పెట్టే అధికారం నగరానికి ఉంది. ప్లాన్ గీయించే ముందే ప్లానింగ్ విభాగంలో అడగండి.

ప్రిలిమినరీ టైటిల్ రిపోర్ట్‌ (ఆస్తి హక్కులపై ప్రాథమిక నివేదిక)తో పాటు వచ్చే సీసీ అండ్ ఆర్ పత్రాన్ని పూర్తిగా చదవండి. కాలనీ షరతులు, మార్పులకు ఎవరి ఆమోదం కావాలన్నది అందులో ఉంటాయి. ఏడీయూనే నిషేధించే షరతు ఉన్నా అది చెల్లదు. సహేతుకమైన ఆంక్షలు మాత్రం చెల్లుతాయి. ‘ఏమైనా కట్టుకోవచ్చు’ అని ఏజెంట్ నోటితో చెప్పిన మాటను నమ్మి సంతకం చేయకండి.

ఈ ఇళ్లను వెచ్చబరిచే వేడినీటి గొట్టాలు కాంక్రీటు నేలలోనే ఉంటాయి. ఎక్కడైనా కారిందా, మరమ్మతు చేశారా అని అమ్మేవారిని రాతపూర్వకంగా అడగండి. తమకు తెలిసిన లోపాలను వెల్లడి పత్రంలో రాయాల్సిన బాధ్యత చట్టం వారిపై పెట్టింది. పోటీలో గెలవాలన్న తొందరలో చాలామంది తనిఖీ కంటింజెన్సీని, అంటే తనిఖీలో లోపాలు బయటపడితే ఒప్పందం నుంచి తప్పుకునే షరతును, ముందే వదిలేస్తున్నారు. నగరం జవాబు, టైటిల్ పత్రాలు చేతికి వచ్చేదాకా మీరు వదలకండి.