కూలింగ్ టవర్‌కి ఎండ కన్నా ఉక్కపోతే ఎక్కువ కష్టం

ఈసారి ఉత్తరాల సంచిలో కూలింగ్ టవర్ల మీదే, అంటే ఫ్యాక్టరీల్లో వేడెక్కిన నీళ్ళని చల్లబరిచే టవర్ల మీదే, ఐదు ప్రశ్నలు తేలాయి. అన్నీ ఒకచోట పెట్టేస్తున్నా. మొదటిదానికే ఎక్కువ జాగా పట్టింది, మిగతావాళ్ళు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: సార్, నేను విశాఖ దగ్గర పరవాడలో ఒక మందుల ఫ్యాక్టరీలో యుటిలిటీ సూపర్‌వైజర్‌ని. మా కూలింగ్ టవర్ నీళ్ళు మేలో 33 డిగ్రీల కంటే కిందికి దిగట్లేదు. హైదరాబాద్ దగ్గర మా ఇంకో యూనిట్‌లో అదే సైజు టవర్, అదే లోడు, అక్కడ ఎండ 41 ఉన్నా నీళ్ళు 29కి వస్తున్నాయి. మా దగ్గర ఎండ 34 మించదు. మేనేజర్ రోజూ నా మీదే పడుతున్నారు, టవర్ అమ్మినాయన పెద్ద మోటార్ వేయమంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు: ముందు టెన్షన్ తగ్గించుకోండి, మీ టవర్ బాగానే పనిచేస్తున్నట్టుంది. మీరు చూస్తున్న థర్మామీటరే తప్పు.

ఇంట్లో ఎయిర్ కూలర్ గుర్తు తెచ్చుకోండి. హైదరాబాద్‌లో మే నెలలో దాని ముందు కూర్చుంటే దుప్పటి కావాలనిపిస్తుంది, అదే కూలర్‌ని విశాఖకి తీసుకెళ్ళి పెడితే ఒళ్ళంతా జిడ్డు తప్ప ఏమీ మిగలదు. కూలింగ్ టవర్ కూడా పెద్ద సైజు కూలరే, కాకపోతే ఇక్కడ మనకి కావలసింది చల్లగాలి కాదు, చల్లబడిన నీళ్ళు. నీళ్ళలో కొంత ఆవిరై పోతూ మిగిలినదాని వేడి పట్టుకుపోతుంది. లెక్కకి, నూటికి ఒక వంతు ఆవిరైతే మిగిలిన 99 వంతులూ దాదాపు 6 డిగ్రీలు చల్లబడతాయి. ఆవిరి అవ్వాలంటే గాలిలో చోటుండాలి, సముద్రం పక్క గాలిలో ఆ చోటు ముందే నిండిపోయి ఉంటుంది.

ఆ చోటు ఎంతుందో చెప్పేదే వెట్ బల్బ్ ఉష్ణోగ్రత. థర్మామీటర్ బుడ్డికి పల్చటి నూలు గుడ్డ చుట్టి, తడిపి, గాలి బాగా తగిలేలా ఫ్యాన్ ముందు పెడితే కాసేపటికి ఒక అంకె దగ్గర ఆగిపోతుంది, అంతే వెట్ బల్బ్. టవర్ ఎంత గొప్పదైనా నీళ్ళని దానికంటే కిందికి దించలేదు. హైదరాబాద్‌లో 41 డిగ్రీల ఎండ, గాలిలో తేమ 25 శాతం ఉన్న మధ్యాహ్నం వెట్ బల్బ్ సుమారు 25. మీ దగ్గర 34 డిగ్రీలు, 75 శాతం తేమ ఉంటే అది 30. ఇప్పుడు తీసివేత చేయండి: అక్కడ 29 లోంచి 25 పోతే 4, మీ దగ్గర 33 లోంచి 30 పోతే 3. ఈ తేడానే టవర్ వాళ్ళు అప్రోచ్ అంటారు, ఎంత తక్కువైతే టవర్ అంత బాగా పనిచేస్తున్నట్టు. ఉక్కపోత పెరిగినకొద్దీ అదే టవర్‌కి అప్రోచ్ కాస్త తగ్గడం మామూలే కాబట్టి మీ టవర్ గొప్పదని జబ్బలు చరుచుకోనక్కర్లేదు గానీ, తిట్లు తినాల్సిన పనైతే లేదు. టవర్లు తయారుచేసేవాళ్ళు కూడా సాధారణంగా 3 డిగ్రీల కంటే బాగా దగ్గరికి తెస్తామని రాసివ్వరు.

పెద్ద మోటార్ సంగతి. ఫ్యాన్ వేగం 10 శాతం పెంచితే గాలి 10 శాతమే పెరుగుతుంది, కరెంటు మాత్రం 33 శాతం పెరుగుతుంది, ఎందుకంటే అది వేగం ఘనాన్ని బట్టి పోతుంది. అంత ఖర్చు పెట్టి మీరు కొనేది అర డిగ్రీయో, ఇంకా తక్కువో. అదే లెక్క వెనక్కి తిప్పితే చలికాలం రాత్రుళ్ళు ఫ్యాన్ వేగం 20 శాతం తగ్గిస్తే కరెంటు సగానికి పడిపోతుంది, ఈ సంగతి ఆ టవర్ అమ్మినాయన మీకు చెప్పి ఉండడు.

ఒకవేళ మీ అప్రోచ్ 6, 7కి పోతే మాత్రం అప్పుడు టవర్ ఎక్కండి. మా పాత ప్లాంట్‌లో ఒక జూలైలో చిల్లర్ (టవర్ నీళ్ళ మీద ఆధారపడే పెద్ద శీతల యంత్రం) ఊరికే ట్రిప్ అయి ఆగిపోతుంటే వారం రోజులు ఫ్యాన్ రెక్కల కోణం మార్చుకుంటూ కూర్చున్నాం. చివరికి ఒక హెల్పర్ కుర్రాడు పైకెక్కి చూసి, నీళ్ళు చిమ్మే నాజిల్స్ సగం వేపాకులతో మూసుకుపోయాయని చెప్పాడు. నీళ్ళన్నీ ఒక మూలే ధారగా కారిపోతున్నాయి, మిగతా ఫిల్ ఎండిపోయి ఉంది, ఫ్యాన్ ఏమో ఆ ఎండిన వైపు నుంచే హాయిగా గాలి లాక్కుంటోంది. ఫిల్ అంటే లోపల తేనెపట్టులా ఉండే పీవీసీ షీట్లు, నీళ్ళు వాటి మీద పల్చటి పొరలా జారితేనే గాలికి దొరుకుతాయి. వాటికి పాచి పట్టినా, సున్నం పేరుకున్నా అంతే సంగతులు. ఇంకోటి, టవర్ పక్కనే ఎవరైనా కొత్తగా రేకుల షెడ్డు వేశారేమో చూడండి, పైనుంచి పోయిన తడిగాలి గోడకి తగిలి కిందికొచ్చి మళ్ళీ టవర్లోకే దూరుతుంది. అప్పుడు బయట వెట్ బల్బ్ 30 ఉన్నా టవర్ నోటి దగ్గర 31, 32 ఉంటుంది. అందుకే తడిగుడ్డ థర్మామీటర్ గాలి లోపలికి పోయేచోటే పెట్టి కొలవాలి. ఈ లెక్కలు ఒక కాగితం మీద రాసి మేనేజర్ గారి టేబుల్ మీద పెట్టండి.

ప్రశ్న: మాది గోదావరిఖని. రామగుండం కరెంటు ప్లాంట్ టవర్ల నుంచి వచ్చే తెల్ల పొగ చూసి మా అబ్బాయి, అది మనం పీల్చొచ్చా అమ్మా అని అడుగుతున్నాడు.

జవాబు: ఆ వెడల్పు టవర్ల నుంచి వచ్చేది పొగ కాదమ్మా, తెల్లవారుజామున మన నోట్లోంచి వచ్చే ఆవిరి లాంటిదే. తడిగాలి పైకి పోయి చల్లబడి చిన్న చిన్న నీటి బొట్లుగా కనిపిస్తుంది, అందుకే చలికాలం పొద్దున్నే పెద్ద మబ్బులా ఉండి ఎండెక్కేసరికి మాయమవుతుంది. బొగ్గు పొగ వచ్చేది పక్కనే సన్నగా, ఇంకా ఎత్తుగా ఉండే చిమ్నీ నుంచి. అది ఒక్కోసారి కంటికి సరిగ్గా కనపడదు కూడా, మీవాడు అడగాల్సింది దాని గురించి. టీవీ వాళ్ళు కాలుష్యం వార్త వచ్చినప్పుడల్లా కూలింగ్ టవర్ బొమ్మ వేస్తారు, చూసి చూసి విసుగొచ్చింది నాకు.

ప్రశ్న: పటాన్‌చెరు దగ్గర చిన్న యూనిట్ మాది. వేసవిలో టవర్‌కి రోజూ ట్యాంకర్లు కొంటున్నాం. నీళ్ళన్నీ ఎటు పోతున్నాయి? బ్లోడౌన్, అంటే టవర్ నీళ్ళు కొంత బయటికి వదిలేయడం, పూర్తిగా ఆపేస్తే మిగులుతాయా?

జవాబు: ఆపేస్తే నీళ్ళు మిగులుతాయి, కండెన్సర్ (టవర్ నీళ్ళు తిరుగుతూ వేడి లాక్కునే గొట్టాల పెట్టె) మిగలదు. ఆవిరైపోయేది ఉత్త నీళ్ళే, ఉప్పులన్నీ టవర్ అడుగు తొట్టిలోనే, అదే బేసిన్‌లోనే ఉండిపోతాయి, బోరు నీళ్ళయితే నాలుగు రోజుల్లోనే గీజర్ రాడ్‌కి పట్టినట్టు గొట్టాలకి తెల్లటి పెచ్చు కడుతుంది. అందుకే కొంత నీళ్ళు వదిలేసి కొత్తవి పోయాలి.

గంటకి 1000 ఘనపు మీటర్ల నీళ్ళు తిరిగే టవర్ 5 డిగ్రీలు చల్లబరుస్తుంటే గంటకి ఏడున్నర ఘనపు మీటర్లు ఆవిరవుతాయి. ఇది తప్పదు, పని జరుగుతోందనడానికి అదే గుర్తు. వదిలేసేదే మన చేతిలో ఉంది. బేసిన్ నీళ్ళలో ఉప్పు, కొత్తగా పోసే నీళ్ళలో ఉన్నదానికి రెట్టింపు కాగానే వదిలేస్తుంటే ఇంకో ఏడున్నర పోతాయి. మూడు రెట్లదాకా ఆగితే 3.75, ఐదు రెట్లకి 1.9, ఏడుకి 1.25. రెండు నుంచి ఐదుకి వెళ్ళడంలోనే లాభమంతా ఉంది, అక్కడి నుంచి పైకి పోతే కెమికల్స్ ఖర్చే పెరుగుతుంది. నేను చూసిన చిన్న యూనిట్లలో చాలాచోట్ల అసలు నీళ్ళలో ఉప్పెంతుందో చెప్పే టీడీఎస్ మీటరే ఉండదు, వాల్వ్ కొద్దిగా తెరిచి పెట్టి ఇంటికెళ్ళిపోతారు. ఆ మీటరు ఖరీదు రెండు ట్యాంకర్లంత ఉండదు.

పెద్ద ప్లాంట్ల లెక్క వింటే గుండె గుభేలుమంటుంది. 500 మెగావాట్ల యూనిట్ ఒకటి నిండు లోడులో నడిస్తే గంటకి సుమారు 1000 ఘనపు మీటర్లు గాలిలో కలిసిపోతాయి, అంటే పదివేల లీటర్ల ట్యాంకర్లు గంటకి వంద. 2015లో కేంద్ర పర్యావరణ శాఖ పాత థర్మల్ ప్లాంట్లకి మెగావాట్ గంటకి 3.5 ఘనపు మీటర్లు మించి నీళ్ళు వాడకూడదని నిబంధన పెట్టింది ఇందుకే. విశాఖ దగ్గర సింహాద్రి ఎన్టీపీసీ కరెంటు ప్లాంట్ వాళ్ళకి సముద్రం పక్కనే ఉంది కాబట్టి కూలింగ్‌కి సముద్రపు నీళ్ళే వాడుతున్నారు, మీకు ఆ వీలు లేదు.

ప్రశ్న: పాల్వంచ నుంచి రాస్తున్నాను. మా చిన్నప్పటి నుంచి చూసిన కేటీపీఎస్ (కొత్తగూడెం థర్మల్ కరెంటు ప్లాంట్) పాత టవర్లు కూల్చేశారు కదా, వాటికి ఆ డమరుకం లాంటి నడుం ఎందుకు?

జవాబు: 2024 ఆగస్టు 5న ఆ ఎనిమిదీ నేలకూలుతుంటే వీడియోలో చూసి నాకూ ఏదోలా అనిపించింది. నడుం సన్నగా ఉంటే గాలి వేగంగా లాగుతుందని చాలామంది చెబుతారు, అసలు కారణం అది కాదు. లోపల వేడెక్కి తడిసిన గాలి తేలిక కాబట్టి దానంతటదే పైకి పోతుంది, ఫ్యాన్ అక్కర్లేదు, దానికి కావలసిందల్లా ఎత్తు. నీళ్ళు పడే పనంతా కింద కొద్ది మీటర్లలోనే అయిపోతుంది, పైదంతా ఖాళీ డొల్ల. అంత ఎత్తు డొల్లని తక్కువ కాంక్రీటుతో, గాలివానకి నిలబడేలా కట్టాలంటే ఆ వంపు కావాలి. సైజుతో పోల్చి చూస్తే దాని గోడ కోడిగుడ్డు పెంకు కన్నా పల్చన. ఇలాంటి మొదటి టవర్‌ని 1918లో నెదర్లాండ్స్‌లో ఒక బొగ్గుగని దగ్గర కట్టారు. గాలి లెక్క తప్పితే ఏమవుతుందో 1965 నవంబర్ 1న ఇంగ్లండ్‌లోని ఫెర్రీబ్రిడ్జ్‌లో తెలిసింది. అక్కడా ఎనిమిదే టవర్లు, ఈదురుగాలికి మూడు కూలిపోయాయి.

ప్రశ్న: మా ఆఫీసు టవర్ పక్కన బండి పెడితే సాయంత్రానికి ట్యాంకు మీద తెల్ల చుక్కలు. ప్రమాదమా?

జవాబు: అవి గాలితోపాటు ఎగిరొచ్చిన టవర్ నీటి తుంపరలు, ఎండితే ఉప్పు మరక మిగులుతుంది. ఫ్యాన్ కింద వంకర షీట్లు ఉంటాయి, డ్రిఫ్ట్ ఎలిమినేటర్లు అంటారు, అవి విరిగి ఉంటాయి. బండి సంగతి అటుంచి, నీళ్ళకి మందు సరిగ్గా వేయకపోతే ఆ తుంపరల్లో లెజియొనెల్లా అనే బ్యాక్టీరియా వచ్చి న్యుమోనియా తెప్పించగలదు. 2015లో న్యూయార్క్ సౌత్ బ్రాంక్స్‌లో ఒక హోటల్ టవర్ నుంచి ఇలాగే వ్యాపించి జనం చనిపోయారు, ఆ తర్వాతే ఆ నగరంలో టవర్లన్నీ రిజిస్టర్ చేయించి తనిఖీ చేయాలని చట్టం తెచ్చారు. మీ మెయింటెనెన్స్ వాళ్ళకి నోటిమాటగా కాకుండా కాగితం మీద రాసివ్వండి, షీట్లు మార్చమని, నీళ్ళు టెస్ట్ చేయించమని. ఈలోగా గాలి ఏ వైపు నుంచి టవర్ మీదికి వీస్తోందో చూసి బండి ఆ వైపుకి మార్చుకోండి. మరకలు వెనిగర్ తడిపిన గుడ్డతో తుడిస్తే చాలావరకు పోతాయి, గోరుతో గీకకండి, పెయింట్ లేస్తుంది.