షాపు అద్దెకిచ్చేటప్పుడు 11 నెలల అగ్రిమెంటు సరిపోతుందా?

విజయవాడ మొగల్రాజపురంలో మీ ఇంటి కింది భాగంలో ఉన్న షాపును ఒక మొబైల్ షాపు వారు, ఒక టిఫిన్ సెంటర్ వారు అడుగుతున్నారని, 11 నెలల అగ్రిమెంటు నోటరీ చేయించుకుంటే చాలా, జీఎస్టీ ఎవరు కట్టాలి అని మీరు అడిగారు. గవర్నర్‌పేటలో మా నాన్నగారి నుంచి వచ్చిన షాపుల అద్దె వ్యవహారాలు చాలాకాలంగా నేనే చూసుకుంటున్నాను.

ఏడాది లోపు లీజుకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న నమ్మకంతోనే అందరూ 11 నెలలని రాయించుకుంటారు. కేంద్ర చట్టం వరకు అది నిజమే గాని, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టాన్ని మన ఆంధ్రప్రదేశ్ సవరించుకుంది. 1999 ఏప్రిల్ 1 నుంచి ఇక్కడ స్థిరాస్తి లీజు ఎంత కాలానిదైనా రిజిస్టర్ చేయించవలసిందే. నోటరీ ముద్ర దానికి బదులు కాదు. వ్యవహారం కోర్టు దాకా వెళితే, రిజిస్టర్ కాని కాగితంలోని గడువును గాని, ఏటా పెంచాల్సిన అద్దెను గాని రుజువుగా చూపించుకోలేరు. షాపు తీసుకున్నవారు అద్దెకున్నారనడానికి మాత్రమే అది పనికొస్తుంది. అప్పుడు అది నెలవారీ అద్దె కింద లెక్కకు వచ్చి, 15 రోజుల నోటీసుతో ఎవరైనా ముగించుకోవచ్చు. కొందరు యజమానులకు ఇదే లాభంగా తోస్తుంది. కానీ సీలింగుకు, అద్దాలకు, ఏసీలకు లక్షలు పోసే మొబైల్ షాపు వారు అందుకు ఎందుకు ఒప్పుకుంటారు? అయిదేళ్ళకు మాట్లాడుకుని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్ళండి. ఆ ఖర్చు ఎవరిదో మాత్రం అడ్వాన్సు పుచ్చుకునే ముందే తేల్చుకోండి.

అద్దె అంకె కన్నా నేను ఎక్కువగా పట్టించుకునేది ఏ వ్యాపారానికి ఇస్తున్నామన్న షరతు. తయారీ కోసం ఇచ్చిన స్థలమైతే, వేరే ఒప్పందం లేనప్పుడు, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం దాన్ని ఏడాది లీజుగా చూస్తుంది, ఆరు నెలల నోటీసు అడుగుతుంది. స్వీట్లు అమ్ముకుంటామని మా షాపులో చేరినవారు కొన్నాళ్ళకే వెనక గదిలో పొయ్యి పెట్టి బూందీ దూయడం మొదలుపెట్టారు. నూనె పొగకు పై అంతస్తు కిటికీ రెక్కలు జిడ్డుపట్టి తుడిచినా వదలలేదు. గిన్నెలు కడిగిన నీళ్ళు గొట్టంలో పేరుకుని చివరికి పైవారి బాత్రూములో నీరు దిగడం మానేసింది. అగ్రిమెంటులో ‘అమ్మకానికి మాత్రమే’ అని ఉండబట్టి ఆ పొయ్యి ఎత్తించగలిగాం.

షాపుకు మీటరు విడిగా, కమర్షియల్ కేటగిరీలో తీసుకోండి. ఇంటి మీటరు నుంచి వైరు లాగి ఇస్తే అనధికార వాడకం కిందికి వస్తుంది, రెట్టింపు రేటుతో లెక్కగడతారు. కనెక్షన్ మీ పేరున ఉంటుంది కాబట్టి నోటీసు మీకే వస్తుంది. తాళాలు అప్పగించేరోజు రీడింగును ఫోటో తీసి ఇద్దరూ ఉంచుకోవడం మంచిది.

జీఎస్టీ గురించి మీరు కంగారు పడనక్కర్లేదు. మీ మొత్తం టర్నోవరు ఏడాదికి 20 లక్షల లోపుంటే రిజిస్ట్రేషనే అవసరం లేదు. అయితే షాపు తీసుకున్నవారికి జీఎస్టీ నంబరు ఉంటే, 2024 అక్టోబరు 10 నుంచి అద్దె మీద 18 శాతం వారే నేరుగా ప్రభుత్వానికి కట్టాలి. చిన్న వ్యాపారులు టర్నోవరు మీద తక్కువ శాతం పన్ను కట్టే కాంపొజిషన్ పథకంలో ఉన్నవారికి 2025 జనవరి నుంచి ఈ బాధ్యత లేదు. ఆ పన్నును అద్దెలో తగ్గించి ఇస్తామంటే మాత్రం ఒప్పుకోకండి. అద్దెకు అదనంగా వారే భరించాలని రాయించండి. ఇంటి పన్ను మీరే కట్టుకోండి, మీరు నిజంగా కట్టిన పన్నే ఆదాయపు పన్ను లెక్కలో తగ్గుతుంది. మిగిలిన అద్దె మీద మరో 30 శాతం మినహాయింపు ఎలాగూ ఉంది.

ఇద్దరిలో ఎవరికంటే, పైన మీరే కాపురం ఉంటున్నారు కాబట్టి అద్దె కొంచెం తగ్గినా మొబైల్ షాపు వారికే ఇమ్మంటాను. టిఫిన్ సెంటర్ వారి వైపే మొగ్గితే, పొగగొట్టం డాబా దాటి పైకి వెళ్ళేలా, జిడ్డు ఆపే తొట్టి వేరే డ్రైనేజీ లైనుతో ఉండేలా వారి ఖర్చుతోనే కట్టించి, ఆ పని పూర్తయ్యాకే తాళాలు ఇవ్వండి.