కేవీఎం స్విచ్ మార్చాక రిజల్యూషన్ 1024×768కి పడిపోతుంటే: డ్రైవర్లు వదిలేసి ఈడీఐడీ చూడండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: 2560×1440 మానిటర్ ఒకటి, నాలుగు పోర్టుల హెచ్‌డీఎంఐ కేవీఎం స్విచ్ (ఒకే కీబోర్డు, మౌస్, మానిటర్‌ను పలు కంప్యూటర్లకు పంచే పెట్టె) ఒకటి, దాని వెనక విండోస్ డెస్క్‌టాప్, లినక్స్ మెషిన్, మ్యాక్ ల్యాప్‌టాప్. స్విచ్ వేరే కంప్యూటర్ మీద ఉండగా విండోస్ ఆన్ చేస్తే 1024×768లో లేస్తోంది, తర్వాత దాని మీదకు స్విచ్ తిప్పినా మారట్లేదు. లినక్స్‌ది కూడా అదే వరస. స్విచ్ తమ మీద ఉండగా ఆన్ చేస్తే మాత్రం రెండూ 1440లోనే వస్తున్నాయి. మ్యాక్ ఎప్పుడూ 1920×1080 దాటడం లేదు. డ్రైవర్లు తీసి మళ్లీ వేసినా ఫలితం లేదు.

ఇక్కడ ఉన్నవి రెండు వేర్వేరు సమస్యలు. వాటిని కలిపి చూసినంతసేపూ దారి దొరకదు. విండోస్, లినక్స్‌లకు మానిటర్ వివరాలు అందట్లేదు. మ్యాక్‌కు వివరాలు అందుతున్నాయి, తేడా ఇంకెక్కడో ఉంది. అదే స్విచ్ గుండా విండోస్ 1440 చూపిస్తోందంటే, స్విచ్, దాని నుంచి మానిటర్‌కు వెళ్లే కేబుల్ ఆ సిగ్నల్‌ను మోయగలవని తేలిపోయింది. కాబట్టి మ్యాక్ విషయంలో చూడాల్సింది స్విచ్‌కు ఇవతల, అంటే మ్యాక్ తగిలించిన వైపు. దాని సంగతి తర్వాత.

మానిటర్ లోపల చిన్న మెమరీ చిప్ ఉంటుంది. తయారీదారు కోడ్, మోడల్, ఏయే రిజల్యూషన్లు ఏ రిఫ్రెష్ రేటుతో పనిచేస్తాయి అన్న సమాచారం అందులో 128 బైట్ల బ్లాకులుగా ఉంటుంది. అదే ఈడీఐడీ. హెచ్‌డీఎంఐ మానిటర్లలో మామూలుగా రెండు బ్లాకులు, అంటే 256 బైట్లు కనిపిస్తాయి. కంప్యూటర్ దీన్ని డీడీసీ అనే నెమ్మదైన రెండు తీగల లైను మీద చదువుతుంది. హెచ్‌డీఎంఐలో ఆ తీగలు 15, 16 నంబర్ పిన్నులు. 18వ పిన్ను మీద కంప్యూటర్ 5 వోల్టులు పంపుతుంది. 19వ పిన్ను హాట్ ప్లగ్ డిటెక్ట్, అంటే "మానిటర్ తగిలించి ఉంది" అని కంప్యూటర్‌కు చెప్పే తీగ. బొమ్మను మోసే హైస్పీడ్ తీగలు వేరు. బొమ్మ శుభ్రంగా వస్తూ రిజల్యూషన్ మాత్రం తప్పుగా ఉండటం అందుకే సాధ్యం.

చవక స్విచ్‌లు ఎంచుకోని పోర్టుకు డీడీసీ లైను కత్తిరించేస్తాయి, కానీ హాట్ ప్లగ్ తీగను పైకే పట్టి ఉంచుతాయి. అసలు చిక్కు ఇదే. బూట్ అవుతున్న కంప్యూటర్ "మానిటర్ ఉంది" అనుకుంటుంది, వివరాలు అడిగితే జవాబు రాదు. ఇక ఏ మానిటర్ మీదైనా పనిచేసే తక్కువ రిజల్యూషన్‌కు దిగిపోతుంది. లినక్స్ కెర్నల్ (సిస్టమ్ మూల ప్రోగ్రాం) ఈడీఐడీ దొరకని కనెక్టర్‌కు, అంటే వీడియో పోర్టుకు, సాధారణంగా 1024×768 వరకే మోడ్లు ఇస్తుంది. మీకు కనిపించిన అంకె ఊరికే వచ్చింది కాదు. తర్వాత మీరు స్విచ్ తిప్పినా హాట్ ప్లగ్ తీగ మీద ఏ మార్పూ జరగదు, కాబట్టి కంప్యూటర్‌కు మళ్లీ చదవాలన్న కబురే అందదు. ఈడీఐడీ మారిందని తెలపాలంటే ఆ తీగ కనీసం 100 మిల్లీసెకన్లు కిందకు దిగి పైకి రావాలని హెచ్‌డీఎంఐ నిబంధన. మీ స్విచ్ ఆ పని చేయడం లేదు.

దీన్ని నిర్ధారించుకోవడం తేలిక. విండోస్ 1024×768లో ఉన్నప్పుడే డివైస్ మేనేజర్ తెరిచి మానిటర్స్ కింద చూడండి. "జెనరిక్ నాన్ పీఎన్‌పీ మానిటర్" అని ఉంటే ఈడీఐడీ అందలేదు. "జెనరిక్ పీఎన్‌పీ మానిటర్" అనో, మోడల్ పేరో ఉంటే అందింది, అప్పుడు కారణం వేరే. లినక్స్‌లో సిస్ ఫోల్డర్‌లో క్లాస్, దాని లోపల డీఆర్‌ఎం ఫోల్డర్‌కు వెళ్తే ఒక్కో కనెక్టర్‌కు ఒక్కో ఫోల్డర్ ఉంటుంది. అందులో ఈడీఐడీ అనే ఫైలును క్యాట్ చేసి డబ్ల్యూసీ మైనస్ సీ కమాండ్‌కు పంపండి. 256 లేదా 128 వస్తే చదివినట్టు, 0 వస్తే చదవనట్టు. ఎల్‌ఎస్ చూపించే ఫైలు సైజును మాత్రం నమ్మొద్దు. అది డిస్కు మీది ఫైలు కాదు, చదివినప్పుడే కెర్నల్ ఇస్తుంది.

తాత్కాలికంగా బయటపడాలంటే స్విచ్‌ను ఆ కంప్యూటర్ మీద ఉంచి, కంప్యూటర్ వైపు హెచ్‌డీఎంఐ ప్లగ్ తీసి అయిదు సెకన్లు ఆగి పెట్టండి. స్విచ్ వైపు కంటే కంప్యూటర్ వైపు తీయడమే మంచిది, హాట్ ప్లగ్ తీగ కచ్చితంగా పడిపోతుంది. విండోస్‌లో ప్లగ్ ముట్టుకోకుండా విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ కలిపి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ రీస్టార్ట్ అవుతుంది. చాలాసార్లు అంతటితో సరిపోతుంది.

శాశ్వత పరిష్కారం లినక్స్‌లో పైసా ఖర్చు లేకుండా అవుతుంది. మెషిన్‌ను మానిటర్‌కు నేరుగా తగిలించి, పైన చెప్పిన ఈడీఐడీ ఫైలును కాపీ చేసుకోండి. ఈడీఐడీ డీకోడ్ అనే టూల్‌తో తెరిచి 2560×1440 ఉందో లేదో, చెక్‌సమ్ (డేటా చెడిపోలేదని చెప్పే అంకె) సరిగ్గా ఉందో లేదో చూడండి. దాన్ని లిబ్ లోపలి ఫర్మ్‌వేర్ ఫోల్డర్‌లో ఈడీఐడీ అనే సబ్‌ఫోల్డర్ చేసి అందులో పెట్టండి. తర్వాత గ్రబ్ (లినక్స్‌ను బూట్ చేసే ప్రోగ్రాం) సెట్టింగ్‌లో కెర్నల్ లైనుకు డీఆర్‌ఎం డాట్ ఈడీఐడీ అండర్‌స్కోర్ ఫర్మ్‌వేర్ పారామీటర్ చేర్చి, దానికి కనెక్టర్ పేరు, కోలన్, ఫైలు దారి ఇవ్వండి. బూట్ సమయంలో హాట్ ప్లగ్ కూడా ఉండని స్విచ్ అయితే, వీడియో పారామీటర్‌లో అదే కనెక్టర్ పేరు పక్కన కోలన్, ఇంగ్లిష్ చిన్న అక్షరం "e" పెడితే కనెక్టర్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది. ఎక్కువమంది ఇక్కడ తప్పిపోయేది ఒక్కచోటే: గ్రాఫిక్స్ డ్రైవర్ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (అసలు డిస్కు కంటే ముందు మెమరీలోకి వచ్చే చిన్న ఫైల్ సిస్టమ్) దశలోనే లోడ్ అవుతుంటే ఈ ఫైలు కూడా అందులో ఉండాలి. లేకపోతే డ్రైవర్ వెతికే వేళకు అసలు డిస్కు ఇంకా మౌంట్ అయి ఉండదు. ఫైలును ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో చేర్చి, దాన్ని తిరిగి తయారుచేసి, గ్రబ్ అప్‌డేట్ చేసి, అప్పుడు రీబూట్ చేయండి. ఎన్విడియా సొంత డ్రైవర్‌తో ఎక్స్ (లినక్స్‌లో తెరను నడిపే పాత వ్యవస్థ) నడుపుతుంటే ఎక్స్ఆర్గ్ కాన్ఫిగ్‌లో కస్టమ్ ఈడీఐడీ, కనెక్టెడ్ మానిటర్ అనే ఆప్షన్లు ఇదే పని చేస్తాయి.

ఎక్స్‌రాండ్ఆర్ అనే కమాండ్‌తో చేతిమీద మోడ్ చేర్చమనే సలహా ఎక్కడ చూసినా కనిపిస్తుంది. పనిచేస్తుంది, కానీ ఎక్స్ మీద మాత్రమే. ఎక్స్ బదులు వచ్చిన కొత్త వ్యవస్థ వేలాండ్ సెషన్‌లో ఆ దారి లేదు. వాడేటట్లయితే మోడ్ అంకెలు లెక్కించి ఇచ్చే సీవీటీ కమాండ్‌కు మైనస్ ఆర్ తప్పనిసరిగా ఇవ్వండి. అది ఖాళీ సమయాన్ని తగ్గించిన టైమింగ్ ఇస్తుంది. 2560×1440కు మైనస్ ఆర్ లేకుండా పిక్సెల్ క్లాక్ (పిక్సెళ్లు పంపే వేగం) 312.25 మెగాహెర్ట్జ్ వస్తుంది, ఇస్తే 241.50. 1920×1080కు ఈ తేడా ఇంకా ముఖ్యం: 173 బదులు 138.50. సింగిల్ లింక్ డీవీఐ, పాత హెచ్‌డీఎంఐ పరికరాల హద్దు 165 మెగాహెర్ట్జ్. 173 ఆ హద్దు దాటుతుంది, స్క్రీన్ నల్లబడుతుంది, తప్పు మానిటర్‌దని అనుకుంటాం. మీ మానిటర్‌కు ఎక్స్‌రాండ్ఆర్ న్యూమోడ్ ఆప్షన్‌లో ఇవ్వాల్సిన వరస: 241.50, 2560, 2608, 2640, 2720, 1440, 1443, 1448, 1481, చివర ప్లస్ హెచ్‌సింక్, మైనస్ వీసింక్. తర్వాత యాడ్‌మోడ్‌తో కనెక్టర్‌కు కలిపి, అవుట్‌పుట్, మోడ్ ఆప్షన్లతో అమలు చేయాలి. లాగిన్ అయిన ప్రతిసారీ మళ్లీ నడపాలి కాబట్టి దీన్ని పరీక్షకు వాడి, నిలవడానికి కెర్నల్ దారి పట్టడం మేలు.

విండోస్‌లో ఇంత శుభ్రమైన సాఫ్ట్‌వేర్ మార్గం లేదు. కస్టమ్ రిజల్యూషన్ యుటిలిటీ అనే టూల్ రిజిస్ట్రీలో ఈడీఐడీ ఓవర్‌రైడ్ (అసలుదాని బదులు వాడే ఈడీఐడీ) రాస్తుంది, కానీ ఆ ఓవర్‌రైడ్ మానిటర్ ఐడీకి ముడిపడి ఉంటుంది. మీ కేసులో చదవలేకపోతున్నదే ఆ ఐడీని, కాబట్టి దాని మీద ఆధారపడలేం. ఈడీఐడీ అందుతూ అందులో ఒక మోడ్ మాత్రం లేనప్పుడు అది చక్కటి సాధనం. ఎన్విడియా వర్క్‌స్టేషన్ కార్డు ఉంటే కంట్రోల్ ప్యానెల్‌లో ఈడీఐడీని ఫైలు నుంచి లోడ్ చేసే సదుపాయం ఉంటుంది. మామూలు కార్డుకు అయితే ఒక చిన్న పరికరం కొనడం మేలు.

ఆ పరికరం పేరు పాస్‌త్రూ ఈడీఐడీ ఎమ్యులేటర్. ఒకవైపు హెచ్‌డీఎంఐ ప్లగ్, రెండోవైపు సాకెట్. దీన్ని డమ్మీ ప్లగ్‌తో పొరబడకండి. డమ్మీ ప్లగ్‌లోంచి సిగ్నల్ బయటకు రాదు, అది లేని మానిటర్‌ను ఉన్నట్టు చూపిస్తుంది అంతే. ఎమ్యులేటర్‌ను కంప్యూటర్ పోర్టులోనే పెట్టి, దాని నుంచి స్విచ్‌కు కేబుల్ వేయాలి. స్విచ్‌కు, మానిటర్‌కు మధ్య పెడితే పనికిరాదు, డీడీసీ తెగేది స్విచ్ లోపల కదా. లెర్న్ బటన్ ఉన్న రకం తీసుకోండి. ముందు దాన్ని మానిటర్‌కు నేరుగా కలిపి లెర్న్ చేయించి, తర్వాత మామూలు చోట పెట్టాలి. ముందే రాసి ఉన్న పట్టికతో వచ్చే రకాల్లో 1080, 4కే ఉండి మధ్యలో 1440 లేకపోవడం మామూలే. కంప్యూటర్‌కు ఒకటి చొప్పున కావాలి. రేపు మానిటర్ మారిస్తే మళ్లీ లెర్న్ చేయించడం మరవొద్దు, లేకపోతే పాత మానిటర్ మోడ్లే కొత్తదానికి పంపుతుంది.

ఇక మ్యాక్. ముందు అదే అడాప్టర్, అదే కేబుల్‌తో మానిటర్‌కు నేరుగా తగిలించండి. అక్కడా 1080 దగ్గరే ఆగితే అడాప్టర్, కేబుల్, మ్యాక్ సెట్టింగ్ ఈ మూడింట్లో ఒకటి. సెట్టింగ్ చూడటం తేలిక: వెంచురా, ఆ తర్వాతి వెర్షన్లలో డిస్‌ప్లేస్‌లో అడ్వాన్స్‌డ్ నొక్కి, రిజల్యూషన్లను లిస్టుగా చూపించే ఆప్షన్ ఆన్ చేయండి. లిస్టు వచ్చాక "షో ఆల్ రిజల్యూషన్స్" కూడా ఆన్ చేయండి. పాత వెర్షన్లలో ఆప్షన్ కీ పట్టుకుని "స్కేల్డ్" మీద నొక్కితే పూర్తి లిస్టు వస్తుంది. 720పీ, 1080ఐ, 1080పీ లాంటి టీవీ పేర్లు మాత్రమే కనిపిస్తే మ్యాక్ మీ మానిటర్‌ను టీవీగా తీసుకుంటోందని అర్థం. సెట్టింగ్‌లో దొరకకపోతే అడాప్టర్ మార్చి చూడండి. 2560×1440ను 60 హెర్ట్జ్‌లో మోయాలంటే 241.5 మెగాహెర్ట్జ్ కావాలి. 340 మెగాహెర్ట్జ్ వరకు వెళ్లే హెచ్‌డీఎంఐ 1.4 అడాప్టర్‌కు ఇది లెక్కలోది కాదు, 165 దగ్గర ఆగే పాతదానికి సాధ్యం కాదు. నేరుగా తగిలిస్తే 1440 వచ్చి, స్విచ్ ద్వారా రాకపోతే మ్యాక్‌ను విండోస్ వాడుతున్న పోర్టుకు మార్చండి. ఒకే స్విచ్‌లో ఒక పోర్టు పాడై మిగతావి బాగుండటం అరుదేమీ కాదు.

కేబుల్ తప్పా, ఈడీఐడీ తప్పా అన్న అనుమానం వస్తే ఒక గుర్తు పట్టుకోండి. లిస్టులో మోడే కనిపించకపోతే ఈడీఐడీ వైపు చూడండి. మోడ్ ఉండి, ఎంచుకున్నాక తెర మీద తెల్లటి చుక్కలు మెరిసినా, రెండు మూడు సెకన్లు నల్లబడి వచ్చినా అది కేబుల్, స్విచ్‌ల సిగ్నల్ తరుగు. స్విచ్ ఉన్నచోట దారిలో రెండు కేబుళ్లు, నాలుగు కనెక్టర్లు ఉంటాయి, కాబట్టి ఒక్కోటి రెండు మీటర్లు మించనివ్వకండి. వీజీఏ స్విచ్ వాడే వాళ్లు కేబుల్ ప్లగ్‌ను వెలుతురులో పెట్టి పిన్నులు చూడాలి. 9వది లేకపోవడం చాలా కేబుళ్లలో మామూలే. 12, 15 లేకపోతే మాత్రం ఆ కేబుల్‌తో ఈడీఐడీ ఎన్నటికీ అందదు, పక్కన పెట్టేయండి.

మానిటర్‌కు మూడు ఇన్‌పుట్లు ఉంటే ఇంకో దారి ఉంది, నాకైతే అదే ఎక్కువ నచ్చుతుంది. ఒక్కో కంప్యూటర్‌ను ఒక్కో ఇన్‌పుట్‌కు నేరుగా కలిపి, కీబోర్డు, మౌస్‌లకు మాత్రం యూఎస్‌బీ స్విచ్ పెట్టడం. వీడియో దారిలో స్విచ్చే ఉండదు కాబట్టి ఎమ్యులేటర్ల అవసరం సాధారణంగా పడదు. ఇన్‌పుట్ మార్చడానికి మానిటర్ బటన్లు తడుముకోనక్కర్లేదు: మానిటర్ మెనూలో డీడీసీ సీఐ (మానిటర్ సెట్టింగ్‌లను కంప్యూటర్ నుంచి మార్చనిచ్చే పద్ధతి) ఆన్‌లో ఉంటే లినక్స్‌లో డీడీసీయుటిల్ అనే టూల్‌తో సెట్‌వీసీపీ 60 కమాండ్ ఇచ్చి మార్చుకోవచ్చు. ఏ ఇన్‌పుట్‌కు ఏ విలువ ఇవ్వాలో అదే టూల్ కేపబిలిటీస్ కమాండ్ చూపిస్తుంది. మానిటర్ మెనూలో ఆటో ఇన్‌పుట్ ఆపేయండి, లేకపోతే నిద్రలేచిన కంప్యూటరల్లా తెరను తనవైపు లాక్కుంటుంది. అదే మెనూలో హెచ్‌డీఎంఐ వెర్షన్ అనో, డీప్ కలర్ అనో ఇన్‌పుట్‌కో సెట్టింగ్ ఉంటే అన్నింటికీ ఒకేలా పెట్టండి. చాలా మానిటర్లలో అది మారితే ఈడీఐడీయే మారుతుంది, ఒకే తెర ఒక ఇన్‌పుట్‌లో ఒక లిస్టు, ఇంకోదానిలో ఇంకో లిస్టు ఇస్తుంది.