బత్తాయికి వేరుకుళ్లు కాదు, నీళ్లలో సోడా

ప్రశ్న: మాది ఐదేళ్ల బత్తాయి తోట, డ్రిప్పుతో పారిస్తున్నాం. లేతాకులు పసుపు తిరిగి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటున్నాయి. వేరుకుళ్లని దుకాణంలో చెబితే మూడుసార్లు మందు పోశాం, తగ్గలేదు. బోరు నీళ్లు ఉప్పగా లేవు. నీటి పరీక్ష కాగితం పంపుతున్నాం. ఇప్పుడేం మందు కొట్టాలి?
– ఒక రైతు, నాంపల్లి మండలం, నల్గొండ జిల్లా

జవాబు: తెగులు మందులు ఆపేయండి. వేరుకుళ్లయితే పీచువేరును వేళ్లతో లాగితే తొక్క ఊడొస్తుంది. ఒక పాదులో తవ్వి చూసుకోండి. మీరు చెప్పిన లక్షణాలు ఇనుము అందనివి. కారణం నీళ్లే.

ఉప్పగా లేవు కాబట్టి మంచివనుకోవడమే పొరపాటు. కోస్తాలో సముద్రం నుంచి బావుల్లోకి ఎక్కేది మామూలు ఉప్పు, నాలుకకు తెలిసిపోతుంది. మన రాతినేల బోర్లలో సోడియం బైకార్బనేట్, అంటే వంటసోడా ఎక్కువ. దీంతో వండిన అన్నం పసుపు తిరుగుతుంది, పాదులో నీరు ఇంకదు, ఆరితే నేల పెచ్చు కడుతుంది. అదే కారుచౌడు. అలాంటి నేలలో ఇనుము ఉన్నా వేరుకు అందదు.

మీ కాగితంలో ఈసీ, అంటే నీటిలోని మొత్తం ఉప్పుల కొలత, 1.4 ఒక్కటే చూసి వదిలేశారు. కింది వరుసలు చూడండి, అంకెలన్నీ లీటరుకు మిల్లీ ఈక్వివలెంట్లలో. కార్బనేట్లు 1, బైకార్బనేట్లు 9, కలిపి 10. కాల్షియం 2, మెగ్నీషియం 3, కలిపి 5. తేడా 5. ఇది 1.25 లోపుంటే మంచిది, 2.5 దాటితే కాల్షియం ఇచ్చే జిప్సం వేయకుండా పారించకూడదు.

తేడాను 2.5కి దించాలంటే ప్రతి వెయ్యి లీటర్ల నీటికి 70 శాతం శుద్ధత ఉన్న జిప్సం 300 గ్రాములు కావాలి. ఏడాదికి చెట్టుకు 15,000 లీటర్లు పారిస్తే నాలుగున్నర కిలోలు. సగం జూన్ వానలకు, సగం సెప్టెంబరులో వేయండి. మొదలుకు అడుగున్నర వదిలి పాదులో చల్లి, పైమట్టిలో కలపండి. డ్రిప్పు ట్యాంకులో మాత్రం కలపొద్దు, సున్నం పేరుకుని రంధ్రాలు మూసుకుపోతాయి. వాననీరు చౌడును కడిగి బయటికి పోవడానికి కాలువ తీయాలి. యూరియా బదులు అమ్మోనియం సల్ఫేట్, డీఏపీ బదులు సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ వాడండి.

పసుపు తగ్గడానికి లీటరు నీటిలో ముందు నిమ్మఉప్పు 1 గ్రాము, తర్వాత ఇనుము ఇచ్చే అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) 5 గ్రాములు కరిగించి, 10 రోజుల తేడాతో రెండుసార్లు సాయంత్రం పూట పిచికారీ చేయండి. ఇదే బోరు నీళ్లలో కలిపితే తుప్పు రంగు తిరిగి అడుక్కు దిగుతుంది. వేరే మంచి నీళ్లు తెచ్చుకోండి.

ఆకు చూసి మందు అంటగట్టిన దుకాణదారు నీటి కాగితం అడిగాడా? ఇకపై అది లేకుండా డబ్బా కొనకండి. ఏటా మే నెలలో మళ్లీ పరీక్ష చేయించండి. మోటారు 20 నిమిషాలు నడిపాక, అవే నీళ్లతో సీసా మూడుసార్లు కడిగి, గాలి లేకుండా అంచుదాకా నింపి, 24 గంటల్లో ఇవ్వాలి. ఆలస్యమైతే సున్నం అడుక్కు దిగి లెక్క తప్పుతుంది.

ఈ బోరు నీళ్లు ఇంట్లో తాగుతున్నారా? సోడా ఎక్కువై కాల్షియం తగ్గిన నీళ్లలోనే ఫ్లోరైడ్ ఎక్కువ కరిగి ఉంటుంది. లీటరుకు 1.5 మి.గ్రా. దాటితే పిల్లల పళ్లు, ఎముకలు దెబ్బతింటాయి. కాచితే పోదు, ఇంకా చిక్కబడుతుంది. ఆ పరీక్ష కూడా చేయించండి. అప్పటిదాకా తాగడానికి, వంటకు మిషన్ భగీరథ కుళాయి నీళ్లే పట్టుకోండి.